కారు ఎక్కుదాం - క్షేమంగా దిగుదాం



ఒకప్పుడు కారంటే మనకు చాలా దూరం. ఊళ్ళోకి కారు వస్తే పిల్లలు దాని వెంట పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడు అలా కాదు. కొత్తపట్నం నుంచి ఒంగోలు 18 కిలోమీటర్లు ఉంటుంది. పురిటినొప్పులు వస్తే కారు మాట్లాడుకుని ఒంగోలు పెద్దాసుపత్రికి పోతున్నాం. గుంటూరులో పెళ్ళి ఉంటే నలుగురం కలిసి కారులో పోతున్నాం. కొందరి ఇళ్ళల్లో పత్తి డబ్బుతోనో, మిర్చి డబ్బుతోనో పాత కారు కొనుక్కున్నారు కూడా.

మరి కారులో ఎవరు ఎక్కడ కూర్చుంటారు? ముందు డ్రైవరు. ఆయన పక్కన ఇంటాయనో, మామగారో. వెనక సీట్లో మనం. మన ఒళ్ళో బిడ్డ. కాళ్ళ దగ్గర సంచులు. ముందు కూర్చున్నవాళ్ళు పోలీసులకు భయపడి అయినా బెల్టు పెట్టుకుంటారు. వెనక ఉన్న మనకు బెల్టు సంగతి ఎవరూ చెప్పరు. "వెనకే కదా, ఏం కాదులే" అంటారు.

నిజంగా ఏం కాదా? కారు దేన్నయినా గుద్దితే లోపల ఉన్న మనకు ఏమవుతుంది? మనల్ని ఏది కాపాడుతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

కారు ఆగుతుంది, మనం ఆగం

బస్సులో నిలబడి పోతున్నాం అనుకోండి. డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. ఏమవుతుంది? మనం ముందుకు తూలుతాం. బస్సు ఆగింది. మన ఒళ్ళు మాత్రం ఆగలేదు.

ట్రక్కు ఆటోలో మిర్చి టిక్కీలు వేసుకుపోతున్నారు. తాడు కట్టలేదు. ఆటో గట్టిగా ఆగితే టిక్కీలు ముందుకు జారి, డ్రైవరు వెనక ఉన్న రేకుకు కొట్టుకుంటాయి. తాడు కడితే అలా జరగదు. బండితో పాటే టిక్కీలు కూడా ఆగుతాయి.

కారులో మనం కూడా అంతే. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, లోపల మనం కూడా అదే వేగంతో పోతుంటాం. కూర్చుని ఉన్నాం కాబట్టి మనకు తెలియదు. కారు చెట్టును గుద్ది ఆగిపోతుంది. మనం ఆగం. అదే వేగంతో ముందుకు పోతాం.

కారు గుద్దుకున్నప్పుడు తగిలే దెబ్బ ఒక్కటి కాదు. మూడు దెబ్బలు.

మొదటి దెబ్బ కారుకు. కారు వెళ్ళి చెట్టునో, లారీనో గుద్దుతుంది.

రెండో దెబ్బ మన ఒంటికి. మనం వెళ్ళి ముందు సీటునో, అద్దాన్నో, తలుపునో గుద్దుకుంటాం.

మూడో దెబ్బ మన ఒంటి లోపల. గుండె, కాలేయం, మెదడు లోపల కదిలి ఎముకలకు కొట్టుకుంటాయి. ఈ దెబ్బ బయటికి కనిపించదు. రక్తం లోపలే కారుతుంది.

ఇదంతా ఒక్క రెప్పపాటులో జరిగిపోతుంది. "చేత్తో సీటు పట్టుకుంటాలే" అనుకుంటే కుదరదు. చెయ్యి లేచేలోపే అంతా అయిపోతుంది.

వేగం ఎంత, దెబ్బ ఎంత?

50 కిలోమీటర్ల వేగం పెద్ద వేగం కాదని అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం.

ఎత్తు నుంచి పడిన మనిషికి కిందికి వచ్చేసరికి వేగం పెరుగుతుంది. 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే, నేలను తాకేటప్పుడు వేగం గంటకు సుమారు 50 కిలోమీటర్లు ఉంటుంది. 10 మీటర్లంటే మూడంతస్తుల మేడ. అంటే బెల్టు లేకుండా 50 వేగంలో గుద్దుకోవడం, మూడంతస్తుల మేడ మీద నుంచి పడటంతో సమానం.

70 వేగం అయితే 19 మీటర్లు. ఆరంతస్తుల మేడ.

100 వేగం అయితే 39 మీటర్లు. పదమూడు అంతస్తులు!

చూశారా? వేగం రెండింతలు అయితే దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. అందుకే డ్రైవరుతో "మెల్లగా పో నాయనా" అనడం పిరికితనం కాదు. అది తెలివి.

పత్తి కుప్ప మీద పడటం, సిమెంటు నేల మీద పడటం

పిల్లవాడు అటక మీద నుంచి పడ్డాడు. కింద సిమెంటు నేల ఉంటే ఎముక విరుగుతుంది. కింద పత్తి కుప్ప ఉంటే లేచి నవ్వుతాడు. పడిన ఎత్తు ఒకటే. తేడా ఎక్కడుంది? నేల మీద పడితే ఒంటి వేగం ఒక్కసారిగా ఆగిపోతుంది. పత్తిలో పడితే కొంచెం కొంచెంగా దిగబడి ఆగుతుంది. కొంచెం కొంచెంగా ఆగితే ఒళ్ళు తట్టుకుంటుంది.

మంచి కారును ఈ కిటుకుతోనే తయారుచేస్తారు. కారు ముందు భాగం మెత్తగా నలిగేటట్టు చేస్తారు. గుద్దుకున్నప్పుడు అది పత్తి కుప్పలాగా నలుగుతూ దెబ్బను మింగుతుంది. మనుషులు కూర్చునే భాగాన్ని మాత్రం గట్టి పంజరంలాగా చేస్తారు. ముందు భాగం నలగాలి. పంజరం నలగకూడదు. ప్రమాదం తరువాత కారు ముందు భాగం నుజ్జయిపోయిందని చూసి "ఇదేం కారు, రేకు డబ్బా" అంటాం. అది నలిగింది కాబట్టే లోపలివాళ్ళు బతికారేమో!

కొందరు కారు ముందు పెద్ద ఇనుప కమ్మీలు బిగిస్తారు. అందంగా, గట్టిగా ఉంటుందని అనుకుంటారు. కానీ ఆ కమ్మీలు దెబ్బను నేరుగా పంజరానికి మోస్తాయి. గాలిసంచి సరైన వేళకు తెరుచుకోకుండా కూడా చేస్తాయి. అందుకే 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ కమ్మీలను తీయించాలని రాష్ట్రాలకు రాసింది. మన ఇంటి కారుకు ఉంటే తీయించండి.

చిన్న కార్లకు పరీక్ష

మనం పరీక్ష రాసినట్టే కార్లకు కూడా పరీక్ష ఉంది. కారులో మనిషి అంత బొమ్మలను కూర్చోబెడతారు. బెల్టులు పెడతారు. కారును వేగంగా తీసుకుపోయి అడ్డుగోడకు గుద్దిస్తారు. బొమ్మల తల, మెడ, ఛాతీ మీద ఎంత దెబ్బ పడిందో యంత్రాలతో కొలుస్తారు. దాన్ని బట్టి నక్షత్రాలు ఇస్తారు. 5 నక్షత్రాలు వస్తే చాలా మంచిది. సున్నా వస్తే తప్పినట్టే.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే 5 చిన్న కార్ల పరీక్ష ఫలితాలు బయటపెట్టింది. మారుతి ఆల్టో 800, టాటా నానో, హ్యుందాయ్ ఐ10, ఫోర్డ్ ఫిగో, ఫోక్స్‌వ్యాగన్ పోలో. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించారు. వాటిలో గాలిసంచులు లేవు. అయిదింటికీ సున్నా నక్షత్రాలే వచ్చాయి.

అదే పోలో కారుకు రెండు గాలిసంచులు పెట్టి మళ్ళీ పరీక్షించారు. ఈసారి 4 నక్షత్రాలు వచ్చాయి! పోలో పంజరం ముందే గట్టిగా ఉంది. గాలిసంచి తోడయ్యేసరికి తేడా వచ్చింది. అంటే గట్టి పంజరం, బెల్టు, గాలిసంచి మూడూ కలిసి ఉండాలి.

ఆ తరువాత పరిస్థితి మారింది. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ కారుకు 5 నక్షత్రాలు వచ్చాయి. 2024లో మారుతి డిజైర్‌కు కూడా 5 వచ్చాయి. 2023 అక్టోబరు 1 నుంచి మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష మొదలుపెట్టింది. కొత్త కారు కొనేవాళ్ళు "ఎంత మైలేజీ ఇస్తుంది?" అని అడుగుతారు. "ఎన్ని నక్షత్రాలు?" అని కూడా అడగాలి. పాత కారు కొనేవాళ్ళు గాలిసంచులు ఉన్నాయా, బెల్టులన్నీ పనిచేస్తున్నాయా అని చూసుకోవాలి.

అయినా ఒక్క మాట గుర్తుంచుకోండి. చిన్న కారు తేలిక. లారీ బరువు. రెండూ గుద్దుకుంటే తేలికైనదానికే ఎక్కువ దెబ్బ. రాత్రిపూట లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ కిందికి, ట్రాలీ కిందికి చిన్న కారు దూరిపోతే మరీ ప్రమాదం. నలగాల్సిన ముందు భాగం లారీ కిందికి పోతుంది. దెబ్బ నేరుగా అద్దానికి, మనుషుల తలలకు తగులుతుంది. అప్పుడు ఎన్ని నక్షత్రాలున్నా చాలవు. మిర్చి రోజుల్లో ఒంగోలు, గుంటూరు మధ్య పెద్ద రోడ్డు మీద లారీలు, ట్రాక్టర్లు ఎక్కువ. ఆ దారిలో రాత్రి ప్రయాణం తగ్గించుకోవడం మంచిది.

బెల్టు ఏం చేస్తుంది?

ఇప్పుడు కార్లలో ఉండే బెల్టును 1959లో తయారుచేశారు. స్వీడన్ దేశంలో వోల్వో కార్ల కంపెనీలో పనిచేసిన నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు దీన్ని కనిపెట్టాడు. ఇది బాగుందని, ఏ కంపెనీ అయినా వాడుకోవచ్చని వోల్వో వదిలిపెట్టింది. అందుకే ప్రపంచమంతా వ్యాపించింది.

బెల్టు మూడు చోట్ల బిగించి ఉంటుంది. ఒక పట్టీ భుజం మీదుగా ఛాతీకి అడ్డంగా వస్తుంది. ఇంకో పట్టీ నడుము కింద తుంటి ఎముకల మీదుగా పోతుంది. భుజం, ఛాతీ, తుంటి - ఇవి ఒంట్లో గట్టి ఎముకలున్న చోట్లు. దెబ్బను ఇవి పంచుకుంటాయి.

బెల్టు మనల్ని కారుకు కట్టేస్తుంది. టిక్కీకి తాడు కట్టినట్టు. కారు ముందు భాగం నలుగుతూ కొంచెం కొంచెంగా ఆగుతుంది కదా. బెల్టు పెట్టుకుంటే మనం కూడా కారుతో పాటు కొంచెం కొంచెంగా ఆగుతాం. పెట్టుకోకపోతే కారు నలిగినా మనకు లాభం లేదు. పత్తి కుప్ప పక్కన సిమెంటు నేల మీద పడ్డట్టే.

బెల్టు పెట్టుకుంటే కారులో ఉన్నవాళ్ళు చనిపోయే ప్రమాదం సగం వరకు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కొందరు "కారుకు నిప్పంటుకుంటే బెల్టు వల్ల బయటికి రాలేం" అంటారు. నిప్పంటుకునే ప్రమాదాలు చాలా తక్కువ. నిప్పంటుకున్నా, స్పృహలో ఉన్న మనిషే బెల్టు విప్పుకుని బయటికి రాగలదు. తలకు దెబ్బ తగిలి పడిపోయిన మనిషి రాలేదు. స్పృహ పోకుండా కాపాడేది బెల్టే.

వెనక సీటులో ఏం కాదా?

నందమూరి హరికృష్ణ గారు మనందరికీ తెలిసినవారే. 1982లో తండ్రి రామారావు గారి చైతన్యరథాన్ని ఊరూరా నడిపినవారు. ఎన్నో వేల కిలోమీటర్లు బండి నడిపిన చెయ్యి. 2018 ఆగస్టు 29న ఆయన నెల్లూరు జిల్లాలో పెళ్ళికి వెళ్తూ స్వయంగా కారు నడిపారు. నల్గొండ జిల్లా అన్నేపర్తి దగ్గర కారు డివైడరును గుద్దింది. ఆయన కారులోంచి బయటికి ఎగిరి పడ్డారు. ప్రాణం దక్కలేదు. ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. కారులో ఉన్న మరో ఇద్దరు గాయాలతో బయటపడ్డారు. బండి నడపడం ఎంత బాగా వచ్చినా బెల్టు కావలసిందే.

హరికృష్ణ గారు కూర్చున్నది ముందు సీటులో. మరి వెనక సీటు సంగతి?

గోపీనాథ్ ముండే గారు కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రి. పదవి చేపట్టి పది రోజులు కూడా కాలేదు. 2014 జూన్ 3న ఢిల్లీలో విమానాశ్రయానికి పోతున్నారు. కూర్చున్నది వెనక సీటులో. బెల్టు లేదు. కూడలిలో ఇంకో కారు వచ్చి గుద్దింది. మెడ ఎముకకు, కాలేయానికి దెబ్బలు తగిలి చనిపోయారు. మనం ఇందాక చెప్పుకున్న మూడో దెబ్బ ఇదే.

సైరస్ మిస్త్రీ గారు టాటా కంపెనీలకు ఒకప్పుడు ఛైర్మన్. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర ఆయన ప్రయాణిస్తున్న కారు వంతెన గోడను గుద్దింది. కారు చాలా ఖరీదైనది. గాలిసంచులు ఉన్నాయి. ముందు సీట్లలో ఇద్దరు, వెనక ఇద్దరు. ముందువాళ్ళిద్దరూ గాయాలతో బతికారు. వెనక ఉన్న ఇద్దరూ చనిపోయారు. వెనకవాళ్ళు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు.

ఈ లెక్క కూడా చూడండి. 2022లో బెల్టు పెట్టుకోక మన దేశంలో 16,715 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదికలో ఉంది. అందులో డ్రైవర్లు 8,384 మంది. పక్కన, వెనక కూర్చున్నవాళ్ళు 8,331 మంది. అంటే దాదాపు సగం సగం! బెల్టు డ్రైవరుకే కాదని ఈ అంకెలే చెబుతున్నాయి.

వెనక బెల్టు లేని మనిషి తనకే కాదు, ముందువాళ్ళకు కూడా ప్రమాదం. 60 కిలోల మనిషి 50 వేగంలో ముందుకు దూసుకుపోతే, ఆ దెబ్బ సుమారు 10 క్వింటాళ్ళ బరువు మీద పడ్డట్టు ఉంటుంది. ముందు కూర్చున్న మన ఇంటాయన నడుము మీదే ఆ బరువు పడుతుంది.

ఒళ్ళో బిడ్డ

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట.

"నా బిడ్డ నా ఒళ్ళో ఉంటే భయమేంటి? ప్రాణం పోయినా వదలను" అని ప్రతి తల్లీ అనుకుంటుంది. వదలకూడదనే ఉంటుంది. కానీ చేతుల బలం చాలదు.

బిడ్డ బరువు 8 కిలోలు అనుకుందాం. 50 వేగంలో కారు గుద్దుకుంటే, ఆ క్షణంలో బిడ్డ బరువు క్వింటాలు దాటినట్టు అవుతుంది. మిర్చి టిక్కీ 40, 45 కిలోలు ఉంటుంది. మూడు టిక్కీలను ఒక్కసారిగా మన చేతుల్లోంచి లాగినట్టు. ఎంత బలమున్న మనిషి అయినా పట్టుకోలేదు. ఇందులో తల్లి తప్పేమీ లేదు. చేతులతో అయ్యే పని కాదు అది.

మరి ఏం చేయాలి?

పసిపిల్లలకు వేరే చిన్న సీటు ఉంటుంది. దాన్ని కారు వెనక సీటుకు బిగిస్తారు. బిడ్డను అందులో పట్టీలతో కట్టి పడుకోబెడతారు. పసిబిడ్డ ముఖం కారు వెనక వైపుకు ఉండాలి. అలా ఉంటే దెబ్బ మెడ మీద పడకుండా వీపు అంతా పంచుకుంటుంది. గాలిసంచి ఉన్న ముందు సీటులో మాత్రం ఈ సీటు ఎప్పుడూ పెట్టకూడదు. గాలిసంచి తెరుచుకుంటే బిడ్డకు ప్రాణాంతకం.

ఈ సీటు ప్రతి ఇల్లూ కొనలేదు. కానీ పొదుపు సంఘం కొనవచ్చు కదా! పెళ్ళి గిన్నెలు, షామియానాలు నలుగురూ వాడుకోవడం లేదా? సంఘానికి ఒక పిల్లల సీటు ఉంటే, ఆసుపత్రి నుంచి బాలింతను తెచ్చేటప్పుడు, పసిబిడ్డతో ఊరికి పోయేటప్పుడు ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుపోవచ్చు. ఈ సంగతి మీ సంఘం సమావేశంలో మాట్లాడండి.

సీటు దొరకలేదు, తప్పక పోవాలి. అప్పుడు? తల్లి వెనక సీటులోనే కూర్చోవాలి. ముందు తను బెల్టు పెట్టుకోవాలి. బిడ్డను బెల్టు బయట ఒళ్ళో పట్టుకోవాలి. తల్లీ బిడ్డా ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు ఎప్పుడూ పెట్టకూడదు. గుద్దుకుంటే తల్లి బరువంతా బిడ్డ మీద పడి నలుగుతుంది. ఒళ్ళో పెట్టుకోవడం క్షేమమని కాదు. వేరే దారి లేనప్పుడు మాత్రమే. అప్పుడు కారు బాగా మెల్లగా పోవాలి.

కొంచెం పెద్ద పిల్లలను ముందు రెండు సీట్ల మధ్య నిలబెట్టవద్దు. కిటికీ దగ్గర నిలబెట్టవద్దు. డ్రైవరు ఒళ్ళో అసలే వద్దు. వెనక సీటులో బెల్టుతో కూర్చోబెట్టండి. బెల్టు పిల్లవాడి మెడకు తగులుతుంటే వాడికి ఇంకా ఎత్తు చాలదన్న మాట. అలాంటి పిల్లలకు ఎత్తు పెంచే సీటు కావాలి.

గర్భిణులు బెల్టు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. పెట్టుకోవాలి. బెల్టు వల్ల కడుపులో బిడ్డకు దెబ్బ తగులుతుందని కొందరు భయపడతారు. బెల్టు లేకపోతే పొట్టే వెళ్ళి ముందు సీటును గుద్దుకుంటుంది. తల్లి క్షేమంగా ఉంటేనే బిడ్డ క్షేమం.

కింది పట్టీ పొట్ట మీద ఉండకూడదు. పొట్ట కిందుగా, తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ భుజం మీదుగా, రొమ్ముల మధ్యగా, పొట్ట పక్కగా రావాలి. చీర కుచ్చిళ్ళు, కొంగు ముడతలు పట్టీ కింద ఉబ్బెత్తుగా లేకుండా సర్దుకోవాలి. చిన్న దెబ్బే తగిలినా, నొప్పి లేకపోయినా, గర్భిణిని డాక్టరుకు చూపించాలి.

గాలిసంచి సంగతి

గాలిసంచినే ఎయిర్‌బ్యాగు అంటారు. గట్టిగా గుద్దుకున్నప్పుడు ఇది రెప్పపాటుకంటే ముందే ఉబ్బుతుంది. తల వెళ్ళి స్టీరింగుకు, డాష్‌బోర్డుకు కొట్టుకోకుండా మెత్తగా అడ్డుకుంటుంది. కొత్త కార్లలో డ్రైవరుకు 2019 జులై నుంచి, పక్క సీటుకు 2022 జనవరి నుంచి ఇది తప్పనిసరి.

గాలిసంచి ఉందని బెల్టు మానకూడదు. సంచి చాలా బలంగా తెరుచుకుంటుంది. బెల్టు లేకుండా ముందుకు ఊగిన మనిషికి అదే ఎదురుదెబ్బ అవుతుంది. ముందు సీటులో కూర్చున్నప్పుడు డాష్‌బోర్డుకు దగ్గరగా జరగవద్దు. కాళ్ళు దాని మీద పెట్టవద్దు. సంచి ఉన్న చోట దేవుడి బొమ్మలు, గట్టి వస్తువులు అంటించవద్దు. అవి రాళ్ళలాగా ముఖానికి వచ్చి తగులుతాయి. దేవుడి బొమ్మ పెట్టుకోవాలంటే సంచి లేని చోట పెట్టుకోవచ్చు.

డ్రైవరును అడుగుదాం

బాడుగ కార్లలో వెనక బెల్టులు సీటు కవరు కిందికి పోయి ఉంటాయి. అడగడానికి మొహమాటపడవద్దు.

"తమ్ముడూ, వెనక బెల్టులు కనపడటం లేదేం?"

"కవరు కింద ఉన్నయ్యక్కా. వెనక ఎవరు పెట్టుకుంటారు?"

"మేం పెట్టుకుంటాం నాయనా. కవరు పక్కకు తీసి బెల్టులు పైకి తియ్యి. అప్పుడు ఎక్కుతాం."

ఇలా నలుగురు అడిగితే, అయిదో మనిషి అడగకుండానే డ్రైవరు బెల్టులు తీసి పెడతాడు.

కారు ఎక్కగానే ఇవి చూసుకోండి:

1. బెల్టును మెల్లగా లాగితే రావాలి. గట్టిగా గుంజితే పట్టెయ్యాలి. అప్పుడే అది పనిచేస్తున్నట్టు.

2. క్లిప్పు టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. పట్టీ మెలి తిరగకూడదు. చంక కింద నుంచి పెట్టకూడదు.

3. ఒక బెల్టు ఒక మనిషికే. చిన్న కారులో అయిదుగురికే చోటు. ఎనిమిది మంది ఎక్కితే ముగ్గురికి బెల్టు ఉండదు.

4. బెల్టు పెట్టుకోకపోతే కొన్ని కార్లు కూత పెడతాయి. ఆ కూత ఆపడానికి ఉత్త క్లిప్పు గుచ్చుతారు కొందరు. వాటి అమ్మకం ఆపాలని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ దుకాణాలను ఆదేశించింది. అలాంటిది కనిపిస్తే తీసెయ్యమనండి.

5. బరువైన సామాను డిక్కీలో కింద పెట్టండి. వెనక అద్దం దగ్గర పచ్చడి జాడీలు, పెట్టెలు పెట్టవద్దు. కారు గుద్దుకుంటే 2 కిలోల జాడీ 30 కిలోల రాయిలాగా వచ్చి తలకు తగులుతుంది.

6. డ్రైవరు నిద్రమత్తులో ఉన్నా, తాగి ఉన్నా కారు ఎక్కవద్దు. పెళ్ళి నుంచి అర్ధరాత్రి బయలుదేరే బదులు తెల్లారి బయలుదేరడం మేలు.

చట్టం ఏం చెబుతోంది?

ముందు సీటు, వెనక సీటు అన్న తేడా చట్టంలో లేదు. ముందుకు తిరిగి ఉన్న వెనక సీట్లలో కూర్చున్నవాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం బెల్టు లేకపోతే 1,000 రూపాయల జరిమానా. 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా కారు నడిపినా 1,000 రూపాయలు. అయితే మనం బెల్టు పెట్టుకునేది జరిమానాకు భయపడి కాదు. సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరాలని.

ప్రమాదం జరిగితే

మన రాష్ట్రంలో 108 అంబులెన్సు 2005లో మొదలైంది. ఫోను చేస్తే డబ్బు తీసుకోరు. ముందు 108కి చెప్పండి. ఊరు పేరు, దగ్గరి గుర్తు చెప్పండి. గాయపడిన మనిషిని కాళ్ళు చేతులు పట్టి లాగవద్దు. మెడ ఎముక దెబ్బతిని ఉండవచ్చు. నిప్పు భయం ఉంటే తప్ప కదిలించవద్దు. నీళ్ళు తాగించవద్దు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. బయట గాయం లేకపోయినా ఆసుపత్రికి పంపండి. మూడో దెబ్బ కనిపించదని మరిచిపోవద్దు.

సాయం చేసినవాళ్ళను పోలీసులు వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 సవరణలో అది చట్టం కూడా అయింది. 2025 మే నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటి ఉంది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో మొదటి 7 రోజులు లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం చేస్తారు. ఆసుపత్రిలో ఈ పథకం సంగతి అడగండి.

అక్కల్లారా! కారు చిన్నదా పెద్దదా అన్నది మన చేతుల్లో లేకపోవచ్చు. ఎదురుగా వచ్చే లారీ మన చేతుల్లో లేదు. మన పక్కన వేలాడే బెల్టు మాత్రం మన చేతుల్లోనే ఉంది. దాన్ని లాగి టక్కున బిగించడానికి ఎంతసేపు? జడకు రబ్బరు బ్యాండు చుట్టుకున్నంత సేపు కూడా పట్టదు.

చర్చించండి

1. కారు గుద్దుకున్నప్పుడు తగిలే మూడు దెబ్బలు ఏవి?

2. బిడ్డను ఒళ్ళో పట్టుకుంటే ఎందుకు చాలదు?

3. మీరు ఈమధ్య కారులో పోయినప్పుడు వెనక బెల్టులు కనిపించాయా? డ్రైవరును అడిగారా?

4. మీ సంఘం తరఫున పిల్లల సీటు కొంటే ఎవరి దగ్గర ఉంచాలి? ఎలా పంచుకోవాలి?

5. ఈ పాఠాన్ని మీ ఇంట్లో బండి నడిపేవాళ్ళకు చదివి వినిపించండి. వాళ్ళు ఏమన్నారో కాగితం మీద రాసి తీసుకురండి.